పదివేల ఫోన్లు రెండిటిలో ఏది గిట్టుబాటు? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తేల్చుకునే పద్ధతి

పది పన్నెండు వేలు చేత పట్టుకుని నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో సెల్లు షాపు మెట్లెక్కితే, కౌంటరు మీద రెండు ఫోన్లు పెట్టి చెప్పేవి నాలుగు ముక్కలే: కెమెరా ఇన్ని మెగాపిక్సెళ్లు, ర్యామ్ ఇంత, బ్యాటరీ ఇంత, రేటు ఇంత. ఈ నాలుగూ రెండు ఫోన్లకీ ఇంచుమించు ఒకటే ఉంటాయి. ఈ ధరలో తేడా తెచ్చేవి వేరు. మీ ఊళ్లో సిగ్నల్ పట్టే బ్యాండ్లు (ఫోను అందుకోగల ఫ్రీక్వెన్సీలు), లోపలి స్టోరేజీ రకం, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా ఎన్నాళ్లు వస్తాయన్నది, పగిలితే డిస్‌ప్లేకి అయ్యే ఖర్చు. ఇవి బాక్సు మీద పెద్దక్షరాల్లో ఉండవు, అడిగి రాబట్టుకోవాలి. రాబట్టాక రెండు ఫోన్లనూ ఒకే కొలతకు తేవాలి: వాడుకున్న ఒక్కో నెలకు ఎంత పడుతోంది అని.

కావాల్సినవి ఒక కాగితం, పెన్ను, మీ పాత ఫోను, ఒక మధ్యాహ్నం. కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచి ఎడమ పక్క మొదటి ఫోను, కుడి పక్క రెండో ఫోను రాసుకోండి.

1. పేరు కాదు, పూర్తి మోడల్ రాసుకోండి

ఒకే పేరుతో 4జీ ఫోను ఒకటి, 5జీ ఫోను ఒకటి ఉంటాయి. పేరు చివర ఒక్క అక్షరం తేడా, లోపల ప్రాసెసరు, స్క్రీను అంతా వేరు. కొన్ని మోడళ్లలో 64 జీబీ పీసుకు ఒక రకం స్టోరేజీ, 128 జీబీ పీసుకు ఇంకో రకం వేస్తారు. కాబట్టి పేరు, 4జీనా 5జీనా, ర్యామ్, స్టోరేజీ, మార్కెట్లోకి వచ్చిన నెల, సంవత్సరం ఐదూ రాయండి. వివరాలు కంపెనీ ఇండియా వెబ్‌సైట్లో ఆ మోడల్ పేజీ నుంచే తీసుకోండి. వేరే దేశంలో అదే పేరుతో అమ్మే ఫోనుకు బ్యాండ్లు మారిపోతాయి.

'8 జీబీ ర్యామ్' అని స్టిక్కరు మీద ఉంటే కింద చిన్నక్షరాల్లో 4+4 అని ఉందేమో చూడండి. రెండో నాలుగు అసలు ర్యామ్ కాదు, స్టోరేజీ నుంచి తెచ్చుకున్న అప్పు. స్టోరేజీ నిదానమైనదైతే ఈ అప్పు ర్యామ్ ఫోన్ను ఇంకాస్త లాగుతుంది. కాగితం మీద 4 అనే రాయండి.

64 జీబీ ఫోన్లను పోటీలోకే తీసుకోవద్దు. సిస్టం తన వాటా తీసుకున్నాక మిగిలేది వాట్సాప్ గ్రూపుల వీడియోలకు ఏడాదిన్నర కూడా చాలదు. స్టోరేజీ నిండే కొద్దీ ఫోను నిదానిస్తుంది. రెండూ 128 జీబీవే పోల్చండి.

2. మీ ఇంట్లో, మీ పొలంలో సిగ్నల్ కొలవండి

షాపులో సిగ్నల్ నిండుగా చూపిస్తుంది, ఆ టవరు మీ ఊళ్లో ఉండదు. కొలవాల్సింది మీ దగ్గర. పాత ఫోన్లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి అబౌట్ ఫోన్, స్టేటస్, సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ స్ట్రెంత్ అని మైనస్ గుర్తుతో ఒక అంకె ఉంటుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ దారి కాస్త మారుతుంది, అప్పుడు సెట్టింగ్స్ పైన వెతికే గడిలో సిమ్ స్టేటస్ అని కొట్టండి. ఇంటి లోపలి గది, మిద్దె పైన, పొలం లేదా చెరువు గట్టు, మూడు చోట్లా అంకె రాసుకోండి. 4జీలో మైనస్ 90 దాకా మంచి సిగ్నల్. 105 వరకు నెట్టుకురావచ్చు. 110 దాటితే మాట తెగుతుంది, చెల్లింపు చక్రం తిరుగుతూ ఆగిపోతుంది.

మూడు చోట్లా 95 లోపే ఉంటే సిగ్నల్ గురించి బెంగ అక్కర్లేదు, కింద మీ సిమ్‌కు చెప్పిన బ్యాండ్లు, 5జీ పద్ధతి ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు. ఉదయగిరి కొండల వైపో, ఇందుకూరుపేట, కొత్తపట్నం తీరం వెంబడి చెరువుల మధ్యో ఉంటూ అంకె 105 దాటితే మాత్రం బ్యాండ్ల జాబితా దగ్గర నిదానంగా కూర్చోండి. తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం పోతుంది, గోడలు దాటుతుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ స్పీడు ఇస్తుంది గానీ గది లోపలికి వచ్చేసరికి నీరసిస్తుంది.

జియో 4జీకి ఫోన్లో 3, 5, 40 బ్యాండ్లు ఉండాలి. వీటిలో 5వది 850 మెగాహెర్ట్జ్, పల్లెల్లో, ఇంటి లోపల పనికొచ్చేది అదే. జియో 5జీకి ఎన్78 బ్యాండుతో పాటు ఎన్28 కూడా చూడండి. ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్, టవరుకు దూరంగా ఉన్నవాళ్లకు ఆసరా. ఎయిర్‌టెల్ 5జీకి ఎన్78 తప్పనిసరి. బీఎస్ఎన్ఎల్ 4జీ సిమ్ వాడే ఇంటికి 28, 1 బ్యాండ్లు కావాలి, ఆ ఫోన్లో బీఎస్ఎన్ఎల్‌కు వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే పద్ధతి) పనిచేస్తుందో లేదో కూడా అడగాలి. లేకపోతే నెట్టు వస్తుంది, కాల్ మాత్రం పాత నెట్‌వర్కు మీదికి దిగిపోతుంది.

చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. జియో 5జీ స్టాండలోన్ (ఎస్ఏ) పద్ధతిలో నడుస్తుంది, అంటే 4జీ సాయం అక్కర్లేదు. ఎయిర్‌టెల్ తన 5జీని నాన్ స్టాండలోన్ (ఎన్ఎస్ఏ) పద్ధతిలో, 4జీని ఊతంగా పెట్టుకుని మొదలుపెట్టింది. మోడల్ పేజీలో ఎస్ఏ, ఎన్ఎస్ఏ అని రెండూ రాసి ఉంటే ఏ సిమ్ వేసినా ఇబ్బంది లేదు. 2024 నవంబరులో వచ్చిన రెడ్‌మీ ఏ4 5జీలో ఎస్ఏ ఒక్కటే ఉంది. అందులో జియో 5జీ వస్తుంది, ఎన్ఎస్ఏ మీద నడిచే ఎయిర్‌టెల్ 5జీ రాదు. ఫోను చెడ్డదని కాదు, ఎయిర్‌టెల్ సిమ్ వాడేవాళ్లు 5జీ కోసం దానికి డబ్బు పెట్టకూడదని.

3. స్టోరేజీ రకం, ప్రాసెసరు

'కొన్నప్పుడు బాగానే ఉండేది, ఏడాదికి హ్యాంగ్ అవుతోంది' అనే మాటకు ఈ ధర ఫోన్లలో ముఖ్య కారణం స్టోరేజీ. రెండు రకాలుంటాయి. ఈఎంఎంసీ 5.1 సెకనుకు సుమారు 250 నుంచి 300 ఎంబీ చదువుతుంది. యూఎఫ్ఎస్ 2.2 అంతకు మూడింతలు చదువుతుంది. స్పీడు ఒక్కటే కాదు, ఈఎంఎంసీ ఒకేసారి చదవడం, రాయడం రెండూ చేయలేదు. ఒకటి ఆపి ఇంకోటి చేయాలి, ఒంటి దారి వంతెన మీద బండ్లు ఆగినట్టు. వాట్సాప్ వీడియో దిగుతున్నంతసేపు ఫోన్‌పే తెరుచుకోకపోవడానికి ఇదొక కారణం. కొత్తలో ఖాళీ ఉంటుంది కాబట్టి కనపడదు, సగం పైన నిండాక బయటపడుతుంది.

మోడల్ పేజీలో స్టోరేజీ టైపు అని వెతకండి. యూఎఫ్ఎస్ వేసిన కంపెనీ ఆ మాట దాచుకోదు, గొప్పగా రాసుకుంటుంది. ఏమీ రాయకుండా 128 జీబీ అని ఊరుకుంటే ఈఎంఎంసీ అనుకునే లెక్క వేయండి.

షాపులో డెమో పీసు మీద ఇలా పరీక్షించండి. మీ పాత ఫోను హాట్‌స్పాట్ కలిపి, ప్లే స్టోర్ తెరిచి, రెండు పెద్ద యాప్‌లు అప్‌డేట్‌కు పెట్టండి. 'ఇన్‌స్టాలింగ్' అని పడ్డ క్షణంలో హోం బటన్ నొక్కి కెమెరా తెరవండి. వరసగా ఐదు ఫొటోలు కొట్టండి, వెంటనే కింద మూలనున్న చిన్న బొమ్మ నొక్కి గ్యాలరీకి వెళ్లండి. ఆ బొమ్మ మసగ్గా నిలబడి రెండు మూడు సెకన్ల తర్వాత తేటపడితే, లేదా స్క్రీను ఒక్క క్షణం బిగుసుకుంటే కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఇదే పని రెండో ఫోన్లోనూ చేయండి. షాపతను నడిపించే డెమో వీడియో ఎంత మెత్తగా ఆడినా పరీక్ష కాదు, ఈ ధరలో ఏ ఫోనైనా వీడియో ఆడిస్తుంది.

ప్రాసెసరు విషయంలో అంత తర్కం అక్కర్లేదు. హీలియో జీ85, యూనిసోక్ టీ606, టీ612 అనేవి 12 నానోమీటర్లవి, పాత తరం. హీలియో జీ99, డైమెన్సిటీ 6300 అనేవి 6 నానోమీటర్లవి. స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2 అయితే 4 నానోమీటర్లు. అంకె తగ్గే కొద్దీ సాధారణంగా అదే పనికి వేడి తక్కువ, బ్యాటరీ ఖర్చు తక్కువ. మన ఎండల్లో ఇది చిన్న సంగతి కాదు. రోహిణి కార్తెలో బైకు హ్యాండిలుకు ఫోను బిగించి మ్యాపు పెట్టుకుంటే, వేడెక్కిన ఫోను తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది, స్క్రీను వెలుగు తగ్గిస్తుంది, ఛార్జింగ్ నిదానం చేస్తుంది. ఒకటి 12, ఇంకొకటి 6 అయితే వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టినా 6 వైపే మొగ్గండి. రెండూ 6 లోపువైతే వాటి మధ్య బెంచ్‌మార్కు (స్పీడు పరీక్ష మార్కుల) తేడాల కోసం డబ్బు పోయొద్దు.

4. అప్‌డేట్లు ఇంకా ఎన్ని నెలలు?

కంపెనీ 'మూడేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు' అంటే ఆ గడియారం సాధారణంగా మోడల్ మార్కెట్లోకి వచ్చిన నెల నుంచి తిరుగుతుంది, మీరు కొన్న రోజు నుంచి కాదు. ఏడాదిన్నర కిందటి మోడల్ మీద రెండు వేలు తగ్గించారంటే, ఆ ఏడాదిన్నర మీకు దక్కదు. వచ్చిన నెలకు మాటిచ్చిన సంవత్సరాలు కలిపి, అందులో ఈ రోజు దాకా గడిచినవి తీసేయండి. మిగిలిన నెలలు రాసుకోండి. ఈ ధరలో మాటిచ్చే కాలం చాలా తేడాగా ఉంటుంది. 2025లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఏ06 5జీకి నాలుగు ఆండ్రాయిడ్ వెర్షన్లు, నాలుగేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు అన్నారు. రెండేళ్లతో ముగించే ఫోన్లూ అదే ధరలో పక్కనే ఉంటాయి.

మాట నిలబెట్టుకుంటున్నారా అన్నది డెమో పీసే చెబుతుంది. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ (చివరి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ) చూసి, అక్కడే సిస్టం అప్‌డేట్ నొక్కి కొత్తది ఏమైనా ఉందా వెతకండి. ఏమీ లేదని చెబుతూ ప్యాచ్ తేదీ ఐదారు నెలల కిందటిదైతే, ఆ మోడల్‌ను కంపెనీ పట్టించుకోవడం తగ్గించిందన్నమాట. గడువు ముగిసినంత మాత్రాన ఫోను ఆగిపోదు. కానీ బ్యాంకు యాప్‌లు, యూపీఐ ఉన్న ఫోను ప్యాచ్ లేకుండా ఏళ్ల తరబడి వాడటం డబ్బు పెట్టెకు తాళం మార్చకుండా ఉండటమే.

5. స్క్రీను: ఎండలో, తెలుగు అక్షరాలతో

రెండు డెమో ఫోన్లనూ వెలుగు పూర్తిగా పెంచి, షాపతన్ని అడిగి, మధ్యాహ్నం పూట గుమ్మం బయటికి తీసుకెళ్లండి. చేయి అడ్డం పెట్టకుండా క్యూఆర్ స్కానింగ్ తెర, అంకెల కీబోర్డు కనపడాలి. బాక్సు మీద నిట్స్ (తెర వెలుగు కొలత) అంకెను నమ్మి పోల్చొద్దు, ఒక కంపెనీ మామూలు వెలుగు రాస్తుంది, ఇంకొకటి క్షణకాలం వచ్చే గరిష్ఠం రాస్తుంది.

తర్వాత నీడలోకి వచ్చి మీభూమి నుంచి దించుకున్న 1బీ పీడీఎఫ్ గానీ ఏదైనా తెలుగు దినపత్రిక ఈ-పేపర్ గానీ రెండింటిలో తెరవండి. పేజీ మొత్తం తెరకు సరిపెట్టి, వేళ్లతో పెద్దది చేయకుండా 'స్త్రీ', 'లక్ష్మి', 'రాష్ట్ర' లాంటి మాటల ఒత్తులు చూడండి. హెచ్‌డీ ప్లస్ అంటే 720 అడ్డం, 1600 నిలువు చుక్కలు. 6.7 అంగుళాల తెర మీద అంగుళానికి 260 చుక్కలు పడతాయి. ఫుల్ హెచ్‌డీ ప్లస్‌లో 390 దాకా. ఇంగ్లిష్ అక్షరానికి ఆ తేడా పెద్దగా తెలియదు, మన ఒత్తులు మాత్రం 260లో ముద్దకడతాయి. చదివే అలవాటున్న పెద్దవాళ్లకు కొంటుంటే ఇది కెమెరా కన్నా ముఖ్యం. 90 హెర్ట్జ్, 120 హెర్ట్జ్ అన్నవి (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే అంకెలు) వేలితో జరిపేటప్పుడు కళ్లకు హాయి, అంతకుమించి వాటికి విలువ కట్టొద్దు.

6. బ్యాటరీ, నీళ్లు, దుమ్ము

5000 ఎంఏహెచ్, 6000 ఎంఏహెచ్ తేడా నిజమే, కానీ 12 నానోమీటర్ల ప్రాసెసరుతో 6000 ఉన్నదీ 6 నానోమీటర్లతో 5000 ఉన్నదీ సాయంత్రానికి దాదాపు ఒకేచోట ఉండొచ్చు. ఛార్జింగ్ వాట్లు చూడండి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ 10 వాట్లతో నిండటానికి మూడు గంటలు, 18తో రెండు గంటల పైన, 33తో గంటంపావు పడుతుంది. బాక్సులో ఛార్జరు ఉందా, ఉంటే ఎన్ని వాట్లది అని అడగండి. '33 వాట్లు పడుతుంది' అని చెప్పి పెట్టెలో 15 వాట్లది పెట్టే వాళ్లున్నారు, అసలు పెట్టనివాళ్లూ ఉన్నారు. లేకపోతే దాని ఖరీదు ఆ ఫోను ధరలో కలపండి.

రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్లు ఐపీ రేటింగు (దుమ్ము, నీళ్లు ఎంత ఆపుతుందో చెప్పే అంకెలు) చూసి ధైర్యపడొద్దు. ఐపీ54, ఐపీ64లో చివరి 4 చిలకరింపుకు మాత్రమే, అదీ మంచినీళ్లతో పరీక్షించింది. ఉప్పునీటి తడితో ఛార్జింగ్ పిన్ తుప్పు పడుతుంది, మామూలుగా వారంటీ నీళ్లు దిగిన ఫోనుకు వర్తించదు. తడి వేలికి వేలిముద్ర పనిచేయదు కాబట్టి పిన్ నంబరు వేగంగా కొట్టేలా ఉందా చూసుకోండి. చీమకుర్తి క్వారీల వైపు వాళ్లకు మొదటి అంకె ముఖ్యం: 5 కంటే 6 మేలు, రాతి దుమ్ము స్పీకరు జాలీలో పేరుకుంటే కాల్ మాట వినపడదు.

కెమెరా గురించి రెండు మాటలు చాలు. వెనక మూడు కళ్లున్నా 2 మెగాపిక్సెళ్లవి లెక్కలోకి తీసుకోవద్దు, అవి పైన పటారం. షాపులో వెలుగు తక్కువున్న మూలలో ఒక బిల్లు కాగితం, ఒక కదులుతున్న చెయ్యి ఫొటో తీసి, రెండు ఫోన్ల నుంచీ మీ నంబరుకు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపుకోండి. ఫొటోగా పంపితే కుదించేస్తుంది, తేడా తెలియదు. మీ పాత ఫోను తెర మీదే రెండూ పక్కపక్కన చూడండి.

7. పగిలితే ఎంత?

కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: 'ఈ మోడల్ ఒరిజినల్ డిస్‌ప్లే, లేబర్, జీఎస్టీ కలిపి ఎంత?' చాలా కంపెనీలు విడిభాగాల ధరలు వెబ్‌సైట్లోనే పెడతాయి. తెరల్లో ఎల్‌సీడీ రకం చవక, ఆమోలెడ్ రకం దానికి రెట్టింపు పైన పడటం మామూలే. బయటి షాపులో కాంబో (డిస్‌ప్లే, టచ్ కలిసిన సెట్టు) సగానికే వేస్తారు, కానీ ఆమోలెడ్ ఫోనుకు వేసే చవక కాంబో చాలాసార్లు ఎల్‌సీడీయే. తెర కింద వేలిముద్ర ఉన్న ఫోనైతే అది పనిచేయడం మానేస్తుంది.

ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ నెల్లూరులో, ఒంగోలులో ఉందో లేదో కూడా రాయండి. దర్శి నుంచో ఆత్మకూరు నుంచో రెండుసార్లు బస్సెక్కి పోయి రావడం, పోయిన కూలి కూడా ఫోను ఖర్చే.

8. నెల ఖర్చు లెక్క

ఇప్పుడు కాగితం మీది అంకెలు కలపండి. ఉదాహరణకు మొదటి ఫోను 10,499, బాక్సులో ఛార్జరు లేదు, దానికి 799. మొత్తం 11,298. అప్‌డేట్లు మిగిలింది 26 నెలలు. నెలకు 435 రూపాయలు. రెండో ఫోను 12,999, ఛార్జరు ఉంది, 44 నెలలు మిగిలాయి. నెలకు 295. చేతిలోంచి పదిహేడు వందలు ఎక్కువ పోయినా రెండోదే చవక.

ఇంతటితో ఆపొద్దు, ఒకసారి డిస్‌ప్లే పోతుందనుకుని మళ్లీ కట్టండి. మొదటిది ఎల్‌సీడీ, 2,200. 11,298కి కలిపితే 13,498, నెలకు 519. రెండోది ఆమోలెడ్, 4,800. 12,999కి కలిపితే 17,799, నెలకు 405. ఇప్పటికీ రెండోదే. అదే మొదటి ఫోనుకు 26 బదులు 36 నెలలు మిగిలి ఉంటే? డిస్‌ప్లే ఖర్చుతో సహా నెలకు 375, మొదటిది గెలుస్తుంది. డిస్‌ప్లే పోకపోతే 314, అప్పుడు రెండోదే మేలు. అంటే అలాంటి జంటలో తేల్చేది ఫోను కాదు, అది ఎవరి చేతికి వెళుతోందన్నది. ఇంట్లో చిన్నపిల్లలు, బైకు మీద పని ఉన్నవాళ్లు డిస్‌ప్లే కలిపిన లెక్కే తీసుకోవాలి.

రెండింటి మధ్య తేడా నెలకు పది రూపాయల లోపే వస్తే లెక్క పక్కన పెట్టి, మూడో మెట్టులో బిగుసుకోని ఫోను తీసుకోండి. రెండో మెట్టులో మీ సిమ్‌కు కావాల్సిన బ్యాండు లేని ఫోను మాత్రం లెక్కలో ఎంత చవకగా తేలినా తీసేయాల్సిందే.

9. కౌంటరు దగ్గర

ముందు 'క్యాష్‌కి ఎంత?' అని అడగండి, తర్వాతే వాయిదాల మాట. వడ్డీ లేని వాయిదా అన్నప్పుడు డౌన్ పేమెంటు, వాయిదా గుణించు నెలలు, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ అన్నీ కలిపి క్యాష్ ధర పక్కన రాయండి. ఫైనాన్స్ కౌంటర్లో సంతకం పెట్టే ముందు ఇన్సూరెన్సు, ఎక్స్‌టెండెడ్ వారంటీ చేర్చారేమో చూసి అక్కర్లేనివి తీయించండి. ఈ తేడా కూడా నెల ఖర్చులో కలుస్తుంది.

బాక్సు మీద తయారైన నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. ఏడాది దాటిన పీసైతే కొత్తది అడగండి, బ్యాటరీ గోడౌన్‌లో కూర్చున్నా కొంత తగ్గుతుంది. సీలు మీ ఎదుటే తీయించి, ఆన్ చేసి *#06# కొట్టి, తెర మీద వచ్చే ఐఎంఈఐ, బాక్సు మీది ఐఎంఈఐ, బిల్లు మీది ఐఎంఈఐ మూడూ అంకె అంకె సరిచూడండి. మెసేజ్‌లో కేవైఎం అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ రాసి 14422కు పంపితే ఆ నంబరు ఏ మోడల్‌దో, బ్లాకులిస్టులో ఉందో తిరుగు మెసేజ్ వస్తుంది. కంపెనీ వెబ్‌సైట్లో అదే నంబరుతో వారంటీ మొదలైన తేదీ కూడా చూడొచ్చు. అది నిన్నటిదో నెల కిందటిదో అయితే ఆ పీసు ముందే యాక్టివేట్ అయింది, మార్చమనండి.

ఆన్‌లైన్లో తెప్పిస్తే కొరియర్ టేపు కోయడం దగ్గర్నుంచి ఫోను ఆన్ అయ్యేదాకా ఆపకుండా ఒకే వీడియో తీయండి. రీప్లేస్‌మెంట్ గడువు ఎన్ని రోజులో ఆర్డర్ పేజీలో ఉంటుంది. ఆ గడువులోపే మీ సిమ్ వేసి, రెండో మెట్టులో రాసుకున్న మూడు చోట్లకూ వెళ్లి సిగ్నల్ అంకె పాత ఫోనుతో పోల్చండి. ఒకే చోట, ఒకే సిమ్‌తో కొత్త ఫోను 10 అంకెల పైన వెనకబడి ఉంటే, పౌచ్ తీసి, ఫోను రీస్టార్టు చేసి ఇంకోసారి చూడండి. అప్పుడూ అంతే ఉంటే రెండింటి తెరల స్క్రీన్‌షాట్లు తీసి వెంటనే రీప్లేస్‌మెంట్ పెట్టండి.